పదకొండు డిస్కుల ఊచకోత

కిసుములో ఓ ఆసుపత్రి, కంప్యూటర్ గది. ఒడెరో చేతిలో సుత్తి. పక్కనే ఫోన్లో, నైరోబీ నుంచి, ఆ డిస్కులకి డ్రైవర్ ప్రోగ్రాం రాసిన న్యాకియో.

“...పుర్రె పగిలింది గానీ ఇంకా ఊపిరుంది మేడం. ఒక్క నిమిషం. హుఁ! హుఁ! ఆఁ, పోయింది. చెప్పండి.”

“ఒడెరో బాబాయ్, పొద్దున్నుంచి ఎన్ని కొట్టావ్?”

“పదకొండు. మొదటిది మర్యాదగా పోయింది. తర్వాతవే బాగా గింజుకున్నాయి.”

“పన్నెండిట్లో పదకొండా!”

“ఎర్ర దీపం వెలిగిందా, పెట్టెలోంచి పీకి పిండి పిండి చెయ్యాలి. రోగుల గుట్టు బయటికి పోకూడదు. రూలు మీ వాళ్ళదే. నా భుజం ఊడిపోయింది, అది వేరే సంగతి.”

“అన్నిట్లోనూ ఉన్నవి అవే వివరాలు బాబాయ్! ఇక మిగిలింది ఒక్కటి. అదీ పోతే ఎవరి రక్తం ఏ గ్రూపో ఎవరికీ తెలీదు. మధ్యాహ్నం నాలుగు ఆపరేషన్లున్నాయి.”

“అయితే తొందరగా కానివ్వండి. దాని దీపమూ ఎర్రబడింది. సుత్తి ఎత్తే ఉంది.”

“దించు! దించు బాబాయ్, అది చావలేదు!”

“మరి దీపం?”

“దీపం వెలిగించేది నా డ్రైవరే. డిస్కుని మూడుసార్లు పిలుస్తుంది. పలక్కపోతే చచ్చిందని...”

“మూడుసార్లకే? మా ఆవిడ ముప్పైసార్లు పిలిచినా పలకదు. పాతిపెట్టెయ్యనా?”

“తప్పు నాదే. మొదటిది నిజంగానే చచ్చింది. మిగతా పదీ... మధ్యలో వైరు అదిరి మాట చేరలేదు, అంతే. తప్పు వైరుదా, డిస్కుదా అని నా డ్రైవర్ చూసుకోలేదు.”

“అంటే పదింటిని బతికుండగానే...”

“ఊఁ.”

“ఒకదాన్నైతే అదనంగా నాలుగు బాదాను మేడం. నా వంకే చూస్తున్నట్టుందని.”

“ఇప్పుడే సరిచేశాను. ఇక వైరు అదిరితే కాసేపాగి మళ్ళీ పిలుస్తుంది, చంపదు. దీపం చూడు.”

“పచ్చబడింది! బతికింది తల్లీ!”

“హమ్మయ్య... కానీ ఆ వైరు ఎందుకు అదురుతోంది? నా దగ్గర టైములున్నాయి. నువ్వు ఒకటి పీకిన నిమిషానికల్లా పక్కది ఎర్రబడుతోంది.”

“భయంతోనేమో.”

“బాబాయ్... అసలు దేని మీద పెట్టి కొడుతున్నావ్?”

“ఇంకెక్కడ, ఈ డిస్కుల పెట్టె మీదే. బల్ల మీద కొడితే నా చాయ్ తొణికిపోదూ?”