వెర్లిన్ చెయ్యని ఫోను

సాయంత్రం అయిదుంబావు. నెబ్రాస్కాలోని ఆ చిన్న విమానాశ్రయంలో వెర్లిన్ తనే నడుపుకుంటూ నాలుగున్నరకి దిగాల్సిన విమానం ఇంకా రాలేదు. అతని భార్య, అక్కడి ముసలి మేనేజరు ఆఫీసులో ఉన్నారు.

“కూర్చోమ్మా. తిరిగి తిరిగి నేల అరగదీస్తున్నావు.”

“కూర్చుంటే దిగుతాడా? వెతికేవాళ్లకి చెప్పారా?”

“వాళ్లే నాకు ఫోన్ చేశారు. దిగానని పైలటు చెప్పకపోతే అరగంటకి వెతకడం మొదలెడతారు. ఇంకెక్కడైనా దిగి, చెప్పడం మరిచాడేమో కనుక్కోమన్నారు.”

“పోయిన నెల ఇలాగే మరిచి ఇంటికొచ్చి పడుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ మతిమరుపునే తిడుతున్నాను. ఇవాళ మాత్రం మరిచిపోయే ఉండాలి దేవుడా.”

ఫోన్ మోగింది. మేనేజరు విని పెట్టేశాడు.

“మబ్బు పట్టిందని ముప్ఫై మైళ్ల అవతలే ఇంకో విమానాశ్రయంలో దిగాడట. విమానం గాలికి కదలకుండా కట్టేసి ఉందట.”

“మనిషో?”

“కనబడలేదట. వచ్చిన పైలట్లు ఊళ్లోకి వెళ్లిరావడానికి అక్కడో పాత కారు ఉంచుతారు. అదీ లేదు.”

“తిండికే పోయుంటాడు. ఆ ఊరి హోటలుకి ఫోన్ చెయ్యండి. ఇటివ్వండి, నేనే చేస్తాను.”

అయిదూ నలభైకి వెర్లిన్ ఫోన్‌లోకి వచ్చాడు. ఆవిడ అతన్ని పేరు పెట్టి పిలిచింది. ఆ తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.