గట్టిగా మూసుకునే కత్తి

ఓబ్రాక్ కొండల మీద పశువుల సంత. మడత కత్తులు అమ్మే ముసలాయన బల్ల ముందు నల్లబట్టల్లో ఉన్న ఒక రైతు ఆవిడ ఆగింది.

"ఎవరికమ్మా, మీ ఆయనకా?"

"నాకే. ఇరవై ఫ్రాంకులు దాటకూడదు."

"అయితే కొమ్ముపిడి జోలికి పోకండి, చెక్కపిడిది తీసుకోండి. రెండింటికీ ఒకటే ఉక్కు. తెరిచి చూడండి, ఊగుతుందేమో."

"ఊగట్లేదు. మూసి చూస్తా."

"మెల్లగా... అయ్యో! అట్లా టప్పున వదిలేస్తే అంచు లోపల తగిలి మొద్దుబారిపోతుంది."

"చప్పుడు చాల్లేదు. ఇంకోటి చూపించండి."

"చప్పుడెందుకమ్మా? కొనేది కత్తా, గంటా?"

"భోజనాల దగ్గర మా ఆయన కత్తి టప్పున మడిస్తే తిండి అయిపోయినట్టు, అప్పుడే పాలేర్లు పనికి లేచేవాళ్లు. ఆయన పోయి నెల దాటింది. ఆ కత్తి ఆయనతోనే పూడ్చాం."

"అయ్యో. మరి ఇప్పుడు?"

"మా మరిది ఫెర్నాన్ మడుస్తున్నాడు. నా గిన్నెలో సూపు సగం ఉండగానే అందరూ లేచి అతని వెనకాల పోతున్నారు."

"పొలం అతనిదా?"

"నాది. మా నాన్న ఇచ్చింది."

"భోజనాల బల్ల దగ్గర ఎంతమంది కూర్చుంటారు?"

"పదకొండు మంది."

"అయితే ఇది పట్టుకోండి. పిడి గరుకు, అందుకే పద్దెనిమిది. స్ప్రింగు మాత్రం మహా బిగువు."

టప్! పక్కన దూడలమ్మే అతను ఉలిక్కిపడి ఇటు తిరిగాడు.

"ఇది ఇవ్వండి."

"అంచు రోజూ పాడవుతుందమ్మా."

"రోజూ నూరుకుంటాను."