ఆవిరి చూసి ఉప్పు చెప్పేవాడు

అమెరికాలోని అరోరాలో వంటమేస్త్రి పద్మనాభం ఇల్లు, అక్టోబరు శుక్రవారం సాయంత్రం. బల్ల మీద నాలుగు స్టీలు గ్లాసుల్లో బీరు. ఎదురుగా అతని బావమరిది, కేటరింగ్‌లో భాగస్వామి, శేషగిరి.

“డబ్బాలేవిరా గిరీ? డబ్బా చూడకుండా ఏం చెబుతాం?”

“చూస్తే టేస్టింగ్ ఎలా అవుతుంది బావా? ఫ్రిజ్‌లో పెట్టేశా. ఒకే ప్యాక్‌లో నాలుగు రకాలు, ఈ సీజన్‌కని చేసినవి. మళ్ళీ ఏడాదిదాకా దొరకవు. నువ్వు చెప్పు, నేను రాసుకుంటా.”

“రాసుకుంటావా? పరీక్షా ఏంటి?”

“సరదాకి. మొదటిది తీసుకో.”

“ఊఁ. చేదుగా ఉంది.”

“బీరు చేదుగా ఉంటుందని నాకూ తెలుసు. ఇంకా?”

“ఇంకా చేదుగా ఉంది. స్టీలు గ్లాసులో పోశావు, రంగు కూడా కనబడి చావట్లేదు. గాజుగ్లాసు తే.”

“రంగెందుకు? వాసన చూడు.”

“చూశాలే. రెండోది ఇటివ్వు... ఇది కాస్త పులుపు.”

“ఏం పులుపు? నిమ్మ పులుపా, ఆపిల్ పులుపా?”

“పులుపంటే పులుపే. నీ మొహంలా ఉంది. మీ అక్కని రెండు పకోడీలు వెయ్యమను.”

“అక్క గుడికెళ్ళింది. మూడోది తాగు.”

“తీపి. బెల్లం నీళ్ళలా బాగుంది. ఇది రాసుకో.”

“నాలుగోది?”

“అదీ చేదే. ఇంక చాలు గిరీ. ఎల్లుండి గృహప్రవేశం వంట, మూడొందలమంది. పొద్దున్నే కూరగాయలకి పోవాలి.”

“కూర్చో బావా. వీటిలో ఒకదాంట్లో దాల్చినచెక్క, లవంగం వేశారు. ఏ గ్లాసో చెప్పు.”

“మూడోది.”

“కాదు.”

“రెండోది. అదే అనబోయా...”

“కాదు.”

“అయితే మొదటిది! వీళ్ళు వేస్తారా దాల్చినచెక్క? చూపించి తీసేస్తారు. వీళ్ళకేం తెలుసు మసాలా?”

“నాలుగోది బావా. గుమ్మడికాయ బీరు. మూత తియ్యగానే వంటిల్లంతా గుప్పుమంది. ముప్పయ్యేళ్ళుగా మసాలా నూరుతున్నావు నువ్వు.”

“జలుబు చేసింది.”

“ఎప్పట్నుంచి?”

“రెండ్రోజుల్నుంచి.”

“నువ్వు తుమ్మగా నేను చూడలేదే.”

“నీ ముందు తుమ్మాలా? ఏంట్రా నీ గొడవ?”

“చేదు, పులుపు, తీపి, చేదు. నువ్వు చెప్పినవన్నీ నాలిక చెప్పేవే. ముక్కు చెప్పేది ఒక్కటంటే ఒక్కటి చెప్పలేదు. సాంబారు పెట్టి అడిగితే రంగు చూసి, నురగ చూసి చెప్పేస్తావు. అందుకే నీ చేతివంట కానిది తెచ్చా.”

“అంటే పనిగట్టుకుని తెచ్చావన్నమాట. మా ఇంటికి.”

“ఊరికే అడిగితే చెప్పవుగా. నీ నోటినుంచి రావాలని తెచ్చా. పోయిన శనివారం శ్రీమంతంలో కొబ్బరి పచ్చడి పాడైంది బావా.”

“వ్యాన్‌లో పాడైంది. ఆ డ్రైవరు రాకేష్ అద్దాలు బిగించి ఎండలో పెట్టాడు. చెప్పాగా!”

“అక్టోబరు ఎండకి ఇరవై నిమిషాల్లో పచ్చడి పాడవుతుందా? వ్యాన్ నీడలోనే ఉందట. వాడు మొన్న ఫోన్ చేసి ఏడ్చాడు. నువ్వేమో ఇంక పనికి రావద్దన్నావు.”

“వాడి మాట నమ్ముతావా, నా మాటా?”

“శ్రీమంతం చేయించుకున్న ఆ పిల్ల నైనికకి ఎనిమిదో నెల. ఆ పచ్చడి తిని పడిపోతే రెండ్రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. వాళ్ళమ్మ రాధారాణిగారు నన్నేమీ అనలేదు. ‘పద్మనాభంగారి వంటలో తేడా ఎందుకుంటుందండీ, మా పిల్లకే ఏదో పడలేదు’ అన్నారు. తిట్టినా బాగుండేది.”

“బిడ్డకేం కాలేదుగా?”

“కాలేదు. ఎల్లుండి నువ్వు వండాలా వద్దా, ఇప్పుడు తేలాలి. ముక్కు పనిచేస్తోందా?”

“గట్టిగా అడక్కు.”

“ఇంట్లో ఎవరూ లేరు.”

“లేకపోయినా గట్టిగా అడక్కు.”

“సరే. మెల్లగానే అడుగుతున్నా.”

“పోయిందిరా.”

“ఎప్పుడు?”

“జనవరిలో జ్వరమొచ్చిందే, అప్పుడు. జ్వరం తగ్గింది, ఇది తిరిగి రాలేదు. వస్తుందిలే అన్నాడు డాక్టరు. అన్నం మాడితే పొగ చూసి పరిగెత్తుతున్నా. మీ అక్క అగరొత్తి వెలిగిస్తే దాని పొగే కనబడుతుంది, అంతే.”

“అక్కకి తెలుసా?”

“తెలీదు. చెప్పకు.”

“రుచి చూసి ఉండొచ్చుగా బావా! ఒక్క గరిటె.”

“ఎంగిలి చేస్తానా? దేవుడికి తియ్యకముందే గరిటె నోట్లో పెడతానా? మా నాన్న పెట్టలేదు, నేనూ పెట్టలేదు. ఆవిరి చూసి ఉప్పు చెప్పేవాడు పద్మనాభం అనేగా పక్క రాష్ట్రం ఇండియానా నుంచి కూడా పిలుస్తున్నారు!”

“ఆవిరే తెలియనప్పుడు?”

“చెయ్యి ఉందిగా! చేతికి తెలుసురా. ముక్కు లేకుండా తొమ్మిది నెలలు వండాను. పెళ్ళిళ్ళు, ఒడుగులు, ఉగాదికి గుళ్ళో అయిదొందలమందికి. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఉప్పు తక్కువైందన్నారా? పులిసిందన్నారా? ఖర్మ కాలి ఒక్కరోజు కొబ్బరి మోసం చేసింది. దానికే నన్ను పొయ్యి దగ్గర్నుంచి లేపేస్తావా?”

“ఒక్కరోజే.”

“మరి! నువ్వే అంటున్నావుగా. రాకేష్‌కి నేనే ఫోన్ చేసి రమ్మంటా, తప్పు నాదేనంటా. ఎల్లుండి మాత్రం వండనీ గిరీ.”

“ఆ శనివారం నేనెక్కడున్నానో గుర్తుందా?”

“మీ అమ్మాయి తన్వి కాలేజీలో పేరెంట్స్ వీకెండని పోయావు. దానికీ దీనికీ ఏంటి సంబంధం?”

“జనవరిలో ఒకరోజు నీ సాంబారులో ఉప్పే లేదు బావా. అప్పట్నుంచి నేను లేని వంట ఆ శనివారంది ఒక్కటే. మిగతా అన్నిరోజులూ నువ్వు చేతులు కడుక్కోడానికి అటు తిరగ్గానే, ప్రతి గిన్నెలోనూ గరిటె ముంచి నోట్లో పెట్టుకున్నది నేనే.”