పొమ్మని చదివి ఉండనిచ్చిన పెల్టన్ గారికి

సభాధ్యక్షతతో పాటు పొయ్యికి దగ్గరి కుర్చీని కూడా స్వీకరించిన గౌరవనీయులు, చర్చి పెద్ద డీకన్ ఎలియాకిమ్ రగ్ గారికి, నేటి సభకు కారకులైన కానిస్టేబుల్ హెజెకయా పెల్టన్ గారికి, ఆయన్ను ఇంతకాలం శుభ్రంగా సభల్లో తిరగనిచ్చిన ఆయన ఇల్లాలు థాంక్‌ఫుల్ అమ్మగారికి, ఊరి పెద్దలకు, మిత్రులకు, ఆపిల్ కల్లు పీపా పక్కన చోటు సంపాదించుకున్న అదృష్టవంతులకు ఈ బడిపంతులు ఏసహెల్ క్విన్బీ వందనాలు. కాలేజీలో నాలుగేళ్లు లాటిన్ చదివినవాణ్ణి మాట్లాడమంటే ఏమవుతుందో తెలిసి కూడా మీరే నన్ను లేపారు. అనుభవించండి.

వచ్చే మంగళవారం పెల్టన్ దంపతులు నదికి ఎగువన కొత్తగా వెలసిన ఊళ్లో ఉంటున్న కూతురు పేషెన్స్ దగ్గరికి వెళ్లిపోతున్నారు. అల్లుడింకా అడవి కొట్టుకుంటున్నాడు, ఇంటికి ఒకటే గది. అందుకని వారికి మనం రెండు ఇవ్వాలనుకున్నాం. ఒకటి ఉన్ని దుప్పటి. ఇచ్చేశాం. రెండోది కాగితం. రేపు వాళ్లక్కడ మంచాన పడితే, ‘వీళ్లు మావాళ్లు, మేం చూసుకుంటాం’ అని మన ఊరిచ్చే హామీ. అది లేకపోతే ఆ వృద్ధులిద్దరినీ తనవాళ్లనే ఊరంటూ ఉండదు. ముగ్గురు పెద్దలు సంతకం చేయాలి. ఇద్దరు చేశారు. మూడోవారు సభాధ్యక్షులు. కాగితం వారి మగ్గు కిందే భద్రంగా ఉంది. (నవ్వులు)

పెల్టన్ గారికి ఈ ఉద్యోగం ఎలా వచ్చిందో మీకు తెలియంది కాదు. ముప్పయ్యేళ్ల కిందట మార్చి నెల ఊరి సభలో, జీతం లేని, తిట్లు మాత్రం దండిగా ఉన్న ఈ కొలువు ఎవరికి అంటగట్టాలా అని అందరూ నేల చూపులు చూస్తుంటే, పాపం ఆయన గుర్రానికి నీళ్లు పెట్టడానికి బయటికెళ్లారు. తిరిగొచ్చేసరికి కానిస్టేబుల్. ఆ తర్వాత ప్రతి మార్చిలోనూ ఆయన్నే అడిగాం, ఆయన కాదనలేదు. ఆయన బదులు కొత్తవాణ్ణి ఎన్నుకోవాల్సిన మొన్నటి సభలో మాత్రం ఒక్కడంటే ఒక్కడు గుర్రం దగ్గరికి వెళ్లలేదు. ఆ మూగజీవాలు సాయంత్రం దాకా దాహంతో చచ్చాయి.

నేను ఈ ఊరికి మూడేళ్ల కిందట వచ్చాను. వాన. మోకాళ్ల దాకా బురద. నెత్తిమీద పుస్తకాల పెట్టె. వంతెన దాటీ దాటగానే ఒక పొడుగాటి ముసలాయన ఎదురొచ్చి, టోపీ సర్దుకుని, కాగితం విప్పి, “రాజుగారి పేరిట...” అని మొదలుపెట్టారు. (వెనక బెంచీల్లో దగ్గులు) దగ్గకండి నాయనా, రాజుగారి మీద కోపం పెల్టన్ గారి వీడ్కోలు సభలో తీర్చుకోకూడదు. సారాంశం ఏమిటంటే, నేను పద్నాలుగు రోజుల్లో ఊరు విడిచి పోవాలి. కొత్తవాడు ఎవడొచ్చినా అలా చదవడం మన ఆచారమనీ, చదివాక ఎవరూ తరమరనీ, రేపు వాడు అడుక్కునే స్థితికొస్తే ‘ముందే పొమ్మన్నాం’ అనడానికే ఇదంతా అనీ నాకేం తెలుసు? లాటిన్‌లో ఎక్కడా లేదు. ఏడుపొక్కటే తక్కువ. ఆయన కాగితం మడిచి నా పెట్టె అందుకున్నారు.

“ఎక్కడికి తీసుకెళ్తున్నారండీ?”

“మా ఇంటికి. భోజనం వేళయింది.”

“పొమ్మన్నారుగా!”

“పద్నాలుగు రోజులుందిగా. అన్నాళ్లూ పస్తుంటావా పంతులూ?”

ఆ పూట తిన్న చిక్కుడుగింజలు, పంది మాంసం ముందు నా చదువంతా దిగదుడుపు.

ఆయన నిబంధన తప్పని మనిషి. ఎంత తప్పనివారంటే, ఆయనకు గురువారం పెళ్లయింది. శుక్రవారం పొద్దున ఊరి పెద్దల దగ్గర్నుంచి, వారం ముందు రాసిన హెచ్చరిక పత్రం చేతికొచ్చింది. అందులో పేరు, పక్క ఊరి నుంచి వచ్చిన మగ్గం నేసే థాంక్‌ఫుల్. పెళ్లితోనే ఆవిడ ఈ ఊరి మనిషైపోయింది, చింపి పారేస్తే సరిపోయేది. పెల్టన్ గారు చింపుతారా? సొంతింటి తలుపు తట్టి, పెళ్లాం ఎదురుగా నిలబడి, పై నుంచి కింద దాకా చదివారు.

“అయిందా?” అందిట ఆవిడ.

“అయింది. పద్నాలుగు రోజుల్లో పోవాలి.”

“సరే, నువ్వూ మూట కట్టుకో, కలిసే పోదాం. ముందా బురద బూట్లు బయట విప్పు.”

(థాంక్‌ఫుల్ అమ్మగారు: “ఈయన ఇప్పటికీ విప్పడు బాబూ!” నవ్వులు, చాలాసేపు)

ఇప్పుడు నిజంగానే మూట కట్టుకున్నారు. వచ్చేవారం ఆ కొత్త ఊరి వంతెన మీద ఎవడో కుర్రకానిస్టేబుల్ ఈయన ముందు నిలబడి కాగితం చదువుతాడు. వాడు పెట్టె అందుకుంటాడని నాకు నమ్మకం లేదు. నిన్న డీకన్ గారిని కలిసి అడిగాను. “నాకూ ఆయనంటే గౌరవమే మాస్టారూ. కానీ ఒకరికి రాసిస్తే రేపు పదిమంది వస్తారు. ఊరి బరువు మోసేవాణ్ణి, కాస్త ఆలోచించుకోవాలి కదా” అన్నారు. అందులో అబద్ధం లేదు. రాత్రంతా కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. భయం మాత్రం వేసింది.

కాబట్టి ఒక చిన్న మనవి. పెల్టన్ గారు పొమ్మని చదివి వినిపించినవాళ్లు ఈ గదిలో ఎవరెవరున్నారో, ఒక్కసారి లేచి నిలబడండి. నేనెలాగూ నిలబడే ఉన్నాను, నాతో కలిపి లెక్క.

(కమ్మరి లేచాడు. మంత్రసాని లేచింది. సత్రం యజమానురాలు గరిటెతో సహా లేచింది. బెంచీలు కిర్రుమంటున్నాయి.)

పెల్టన్ గారూ, మీరెందుకు లేచారు?

(పెల్టన్ గారు: “ఇది ఊరి సభ కాదు పంతులూ! ముందుగా నోటీసు అంటించలేదు. ఈ నిలబడ్డం చెల్లదు. కూర్చోండి అందరూ!”)

చూశారా, తన మేలు మీదే ఆక్షేపణ! ఎవరూ కూర్చోకండి. అరెరె... అధ్యక్షుల వారి పక్కన వారి ఇల్లాలు మెహిటబెల్ అమ్మగారు కూడా లేచారే!

(డీకన్ గారు: “నువ్వా? నిన్నెప్పుడు పొమ్మన్నారు?”

“మీ ఇంటికి నూలు వడకడానికొచ్చిన ఏడు. కింద సంతకం మీ నాన్నదే. మావగారు కదాని ఇన్నాళ్లూ చెప్పలేదు.”

ఎవరూ ఆపలేని నవ్వు. డీకన్ గారూ నవ్వారు, ముందు చెవులు ఎర్రబడ్డాయి.)

మిత్రులారా, మగ్గు లేచింది. కలం అడుగుతున్నారు. ఎవరయ్యా, సిరా ఇటివ్వండి. నేను మాట్లాడను. నేను మాట్లాడకుండా ఉండటం మీరు చూడటం ఇదే మొదటిసారి. (చప్పట్లు)

కాగితం పెల్టన్ గారి చేతికి వెళ్లింది. ఆయన కళ్లు తుడుచుకుంటున్నారనుకున్నాను. కాదు, కళ్లజోడు తుడుచుకుంటున్నారు. చదువుతున్నారు. పై నుంచి కింద దాకా. ఏమిటండీ?

(పెల్టన్ గారు: “తేదీ వేయలేదు.”)

డీకన్ గారూ, దయచేసి తేదీ కూడా వేసి ఈ ఊరి మనిషిని ఈ ఊరికి ఉంచండి. ఓపిగ్గా విన్న మీకు, నన్ను మూడేళ్లుగా భరిస్తున్న ఊరికి కృతజ్ఞతలు. అమ్మా, అయ్యా, చల్లగా వెళ్లిరండి. నాకిక సెలవిప్పిస్తే కూర్చుంటాను.