నీరుగంటి నాలుక

నా కొడుకు ఓబిలేశు టీ అంగడి ముందర రెండు బండలుండాయి. ఒకటి కూర్చునేదానికి, ఇంకొకటి కోతలు కోసేదానికి అని మావాడు అంటాడు. ఆ రెండో బండ వెంకటరాముడిది. ఆయన లేనప్పుడు కూడా దాని మీద ఎవరూ కూర్చోరు. నేను లోపల పొయ్యి పక్కన బొరుగుల ఉగ్గానికి ఎర్రగడ్డలు తరుక్కుంటా అన్నీ వింటాంటా.

వెంకటరాముడు మా చెరువుకు నీరుగంటి. తూము తెరిచి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పోవాలో చూసి పారగట్టే పని తాతల నాటినుంచి వాళ్ళ ఇంటిదే. అయితే ఆ తూము తెరిచి ఎనిమిదేండ్లాయె. ఇప్పుడు చెనిక్కాయ చేన్లకు కూలికి పోతాడు. నీరుగంటీ అని పిలిచేవాళ్ళు కూడా ఊర్లో తక్కువైపోయినారు.

ఇదంతా రెండువేల నాలుగు ఎండాకాలం మాట. అంతకు ముందటేడు మంచినీటి చెరువుల పరిశోధన సంస్థ నుంచి సైంటిస్టులు జీపులో వచ్చి, మా చెరువు బురద పొట్లాలు కట్టుకోని పోయినారు. బురద ఎవరైనా మోసుకుపోతారా అని మేమంతా వింతగా చూసినాము. ఆ సంస్థ నుంచే ఇప్పుడు ఉత్తరం వచ్చింది. మా నీటి సంఘం అధ్యక్షుడు రామాంజులు దాన్ని అంగడి కాడికి తెచ్చి చదివినాడు. నలభై చెరువుల బురద చూసినారంట. ఏ చెరువు ఎంత పూడిపోయిందో లెక్క తేలుస్తాండారంట. వచ్చే నెల వాళ్ళ సంస్థలో సభ. చెరువు గురించి బాగా తెలిసిన మనిషిని ఊరికి ఒకరిని పంపితే, సైంటిస్టులంతా కూర్చోని వాళ్ళు చెప్పేది వింటారంట. పేరు రాసి పంపమన్నారు.

పదకొండు గంటల బస్సుకు రామాంజులు తనకల్లు పోస్టాఫీసుకు పోవాల. ఆ లోపల పేరు తేలాల. తిప్పేష్ బీయే చదివినాడు, ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడతాడు, అతన్నే పంపుదామని రామాంజులు అన్నాడు. తిప్పేష్ కూడా కాదనలేదు. గొర్రెలను దావ పక్కన నిలిపి, కట్టె మీద ఆనుకోని టీ తాగుతాండిన నల్లమ్మ ఏమీ అనలేదు. ఆయమ్మ ఎప్పుడూ ఏమీ అనదు.

వెంకటరాముడు టీ గలాసు కింద పెట్టినాడు. గలాసు బండ మీద టకటకమని రెండుసార్లు కొట్టుకునింది. మల్ల ఎత్తుకున్నాడు.

“పంపండప్పా, తిప్పేష్‌నే పంపండి. నాకేమి. ఆ పొద్దు నేను చేసిందేముండాది, తాడు పట్టుకున్నా, అంతే. జీపు వచ్చి కట్ట మీద నిలబడినప్పుడు నేను తూము కాడ కూర్చోని బీడీ తాగుతాండా. సైంటిస్టమ్మ దిగింది, సన్నగా పొడుగ్గా, నెత్తిన టోపీ. ఈ చెరువు సంగతి ఎవురికి తెలుసు అని అడిగింది. నేను నోరు తెరవలేదప్పా. చెరువే చెప్పింది.”

చెరువు ఎట్ల చెప్పిందన్నా అని తిప్పేష్ అడిగినాడు.

“అల వచ్చింది. గాలి లేదు, ఏం లేదు, ఒకే ఒక అల, ఆ దరి నుంచి నేరుగా నా కాళ్ళ కాడికి వచ్చి నిలబడింది. ఆయమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది, పుస్తకంలో రాసుకునింది. సరే, గాలి కొట్టిన రబ్బరు పడవలో నడిమధ్యకు పోయినాము. లోతు చూసేదానికి ఇనుప గుండు కట్టిన తాడు వదిలినారు. నూరడుగుల తాడు అయిపోయింది, నేల తగల్లేదు. జీపులో ఇంకో తాడుంటే అదీ కట్టినారు, తగల్లేదు. మల్ల నేను ఊర్లోకి కేకేస్తి. బావి చేదతాళ్ళు, ఎద్దుల పగ్గాలు, పిల్లోళ్ళ ఉయ్యాల తాళ్ళు, అన్నీ వచ్చినాయి. మీ ఇంటి తాడు కూడా వచ్చింది రామాంజులన్నా, నువ్వు ఆ పొద్దు ఊర్లో లేవు. అన్నీ ముడేసి వదిల్తే ఇంకా జానెడు తక్కువ. పెద్ద సైంటిస్టు, ఆ గడ్డమాయన, తల పట్టుకోని కూర్చున్నాడు. ఏం చేస్తాము, నా మొలతాడు తెంపి ముడేసినా.”

“అప్పుడు తగిలిందా?”

“గుండు నేలకు తగిలింది. పంచె మాత్రం నాకు తగల్లేదు.”

అందరూ నవ్వినారు. నల్లమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకునింది. నవ్వు వినిపిస్తే వెంకటరాముడికి రెక్కలొస్తాయి. బండ మీద కాళ్ళు ఎత్తి పెట్టుకున్నాడు.

“అదేమి గొప్పప్పా, గొట్టం సంగతి వినండి. గొట్టాన్ని బురదలోకి దించి తీస్తే, చెరుకుగడ మాదిరి బురద నిలువునా వస్తాది. కింది బురద పాతది, పైబురద కొత్తది, అది వాళ్ళ శాస్త్రం. కానీ అంత లోతుకు గొట్టాన్ని ఎవురు దించాల? గడ్డమాయన దేశాలన్నీ ఈదినోడు, నీళ్ళలోకి ఒకసారి తొంగి చూసి, చలిగా ఉండాదని వెనక్కి కూర్చున్నాడు. నేను బీడీ ముట్టించుకున్నా. నిప్పు లోపలికి పెట్టి నోరు మూసినా. గొట్టం చంకన పెట్టుకోని దూకినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

తెల్దు, చెప్పు అన్నాడు ఓబిలేశు, బజ్జీలు నూనెలోకి వదుల్తా.

“పైన మిటమిట మధ్యాన్నం. పది నిలువులు దిగితే సాయంత్రమాయె. ఇరవై నిలువులు దిగితే అమావాస్య. ఏమీ కనిపించదు. మల్ల నోరు తెరిచినా. బీడీ నిప్పు ఉండాది కదా, ఆ వెలుతురులో అంతా కనిపించె. దావకు అడ్డం వాలుగ చేప, కదిరి బస్సంత. తెల్ల మీసాలు. నన్ను చూసి మర్యాదగా పక్కకు జరిగింది. ‘నీరుగంటోళ్ళ పిల్లోడివి కదా, మీ నాయన బాగుండాడా’ అని అడిగింది.”

“మీ నాయన పోయి పన్నెండేండ్లాయె,” అన్నాడు ఓబిలేశు.

“అదే చెప్పినా. చేప కండ్లలో నీళ్ళు తిరిగినాయి.”

“చెరువు నీళ్ళలో చేప కన్నీళ్ళు ఎట్ల తెలిసె నీకు?”

“వేడిగా తగిలినాయప్పా.”

రామాంజులు బస్సు వచ్చే దిక్కు ఒకసారి చూసి, మల్ల ఇటే తిరిగినాడు. చేతిలో ఉత్తరం ఉండాదనే మరిచిపోయినట్లుండాడు.

“గొట్టం పైకి తెచ్చినాక పట్టా పరిచి బురద కోసినారు. ఎన్ని పొరలప్పా. ఏ పొర ఏ యేటిదో చూసేదానికి గడ్డమాయన పెట్టెలోనుంచి మిషను తీసినాడు. అది ఒకసారి కూతపెట్టి ఊరుకునింది. నేను చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నా. ఇది గంజి కరువు, ఊరూరా గంజి పోసి బతికించిన యేడు అని చెప్పినా, గంజి వాసన తెలిసిపోయె. దాని కింది పొర తియ్యగుండె. పైన వంక కాడ చెరుకు గానుగలాడిన కాలం, మా తాత పడుచువాడు. ఇంకా కింది పొర ఉప్పగుండె. ఇదేమి యేడు అని ఆయమ్మ అడిగింది. అమ్మవారు పోసి, ఇంటికొకరు పోయిన యేడు తల్లీ, ఊరంతా ఈ కట్ట మీద కూర్చోని ఏడ్చినారు, ఆ ఉప్పు యాడికి పోతుంది అని చెప్పినా.”

కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. కోతే అని నాకు తెలుసు. అయినా ఆ మాట నిజమైతే బాగుండునని అనిపించె. చెరువు అంతా దాచిపెట్టుకోనుంటుందేమో, ఎవరికి తెలుసు.

“గడ్డమాయన మిషను మూసి పెట్టెలో పెట్టినాడు. నాకు దండం పెట్టినాడు. ‘వెంకటరాముడుగారూ, నూరేండ్లకు మీరు పోయినాక మీ నాలుక మా సంస్థకు రాసియ్యాల’ అన్నాడు. గాజుసీసాలో పెట్టి, కింద నీరుగంటి అని రాసి, వచ్చినోళ్ళందరికీ చూపిస్తారంట.”

“అప్పుడే కోసిచ్చింటే మేము సుఖపడి ఉందుము కదన్నా,” అన్నాడు తిప్పేష్.

వెంకటరాముడు ఆ మాట చెవిన వేసుకోలేదు. గొంతు తగ్గించినాడు. ఇంక పెద్దది వస్తాందని మాకందరికీ తెలిసిపోయె.

“అన్నిటికన్నా అడుగు పొరలో ఏముండె? కంకణం. రాణి కంకణం. ఐదు నూర్ల యేండ్ల కిందట ఈ చెరువు తవ్వించిన రాణి, తొలిసారి నీళ్ళు నిండిన పొద్దు చేతినుంచి తీసి వేసింది. బంగారుది. నిండా పచ్చలు తాపినారు, నడిమధ్యన ఒకే ఒక ఎర్ర గీత. దాన్ని చూసినాక ఆ సైంటిస్టులకు మతి నిలవలేదు. చెరువునే ఎత్తుకోని పోతామన్నారు. చాప మాదిరి ఆ కొస నుంచి చుట్టుకుంటా వచ్చినారు. నేను పోయి ఈ కొస మీద నిలబడినా. నీరుగంటి నిలబడినాక చెరువు చుట్టలేరప్పా, ఎవురైనా కానీ. తిరిగి పరిచేసి పోయినారు. కానీ చుట్టి పరిచినప్పుడు నీళ్ళు కారిపోయినాయి కదా. అందుకే ఈ యేడు చెరువు ఎండింది, వానలు లేక కాదు. ఇప్పుడు చెప్పండి, ఆ సభలో మాట్లాడేదానికి ఎవురు పోవాల?”

రామాంజులు పెన్ను తీసినాడు. నిజంగానే ఆయన పేరు రాసేస్తాడేమో అనిపించె.

అప్పుడు నల్లమ్మ వచ్చి, ఖాళీ గలాసు వెంకటరాముడి పక్కన బండ మీద పెట్టింది. గలాసు వదిలినాక కూడా చెయ్యి తియ్యలేదు. ఆ చేతికి ఒకే గాజు ఉండాది. పచ్చగాజు, నడిమధ్యన ఎర్ర గీత.

బజ్జీలు మాడిన వాసన వచ్చినాక గానీ ఓబిలేశు పొయ్యి దిక్కు తిరగలేదు.

“అన్నా, ఆ పొద్దు నా గొర్రెలు ఆ నీళ్ళలోనే ఉండె,” అనింది నల్లమ్మ. “నీళ్ళు వాటి పొట్టకు కూడా తగల్లేదు.”

అప్పుడు ఆయమ్మను అడిగి అడిగి చెప్పించినాము. పడవ బురదలో కూరుకుపోతే, వెంకటరాముడూ ఇంకో ఇద్దరూ దాన్ని కట్ట దాకా ఈడ్చుకుపోయినారంట. ఆ లోపల సైంటిస్టమ్మ తూము ముందర మోకాలు లోతు నీళ్ళలో నిలబడి గొట్టం దించి తీసింది. బురద కోస్తే గాజు ముక్క కనిపించె. ఇదేమిటని ఆయమ్మ అడిగితే, పక్కన ఉండింది నల్లమ్మ ఒకతే. చెరువు నిండి, ఎక్కువైన నీళ్ళు బయటికి పోయే మరవ మీద పొర్లిన పొద్దు మా ఊరి ఆడోళ్ళము కుడిచేతి గాజు ఒకటి తీసి గంగమ్మకు వేస్తాము. పోయినసారి పొర్లినప్పుడు అందరి చేతులకూ ఈ ఎర్ర గీత గాజులే. గాజులాయన ఆ యేడు ఒకసారి తెచ్చినాడు, మల్ల ఆ రకం రాలేదు. నేనూ ఒకటి వేసినా. నల్లమ్మ ఇదంతా చెప్పిందంట. సైంటిస్టమ్మ గాజు మీద ఉండే బురదకు స్కేలు పెట్టి చూస్తే జానకు కొంచెం తక్కువ వచ్చింది. గాజు పడిన పొద్దు సరిగ్గా తెలిస్తే యేటికి ఎంత పూడుతాందో చెప్పచ్చు అని, నల్లమ్మ పేరు పుస్తకంలో రాసుకునింది.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అని నేను అడిగినా. ఎవరూ అడగలేదు కదవ్వా అనింది.

పోవాల్సింది నేను కాదు, నల్లమ్మక్కే అన్నాడు తిప్పేష్. రామాంజులు పెన్ను పట్టుకోనే, ఆ గాజు వేసింది ఏ పొద్దమ్మా, ఆడ అడుగుతారు అన్నాడు.

“నాకు తేదీ యాడ తెలుస్తాదన్నా. మా చిన్నది కడుపులో ఉండె, అంతే తెలుసు. తెలిసినోడు ఆ బండ మీద కూర్చోనుండాడు.”

వెంకటరాముడు కాళ్ళు కిందికి దించుకోనుండాడు. తల ఎత్తలేదు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

“తొంబై ఆరు. దీపావళికి ముందర రెండో బేస్తవారం, తెల్లారుజామున. తూము రాయి మీద నాలుగో గీత మునిగినాక పొర్లింది. తొమ్మిది దినాలు పోయింది. పదో దినం నిలిచింది. అంతకు ముందర ఎనబై ఎనిమిది. అప్పుడు నాలుగు దినాలే పోయింది, అప్పటికి మా నాయన ఉండె.”

అంతే. చేప లేదు, రాణి లేదు. తిప్పేష్ జేబులోనుంచి కాగితం తీసి ఆ మాటలన్నీ రాసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

దూరంగా బస్సు మోత వినిపించె. ఉత్తరంలో ఒకరినే పంపమన్నారు కదా అని రామాంజులు తటపటాయించినాడు. గాజు ఒకరి కాడ, తేదీ ఒకరి కాడ ఉంటే ఒకరు పోయి ఏం చేస్తారన్నా, ఇద్దరివీ రాయి అన్నాడు తిప్పేష్. రామాంజులు మోకాలి మీద కాగితం పెట్టి రాసి, పైకి చదివినాడు: నీరుగంటి వెంకటరాముడు, గొర్రెల నల్లమ్మ.

నీరుగంటి అనే మాట వినంగానే వెంకటరాముడి వెన్ను నిటారైంది. కాళ్ళు మెల్లగా మల్ల బండ మీదికి ఎక్కినాయి.

“అయితే నల్లమ్మా, ఆ సభలో నేను మొదలుపెడతా, నువ్వు...”

“దావ పొడుగునా నువ్వే మాట్లాడన్నా, నాకూ పొద్దు పోతాది,” అనింది నల్లమ్మ, కట్టె అందుకుంటా. “ఆడికి పోయినాక నేను మాట్లాడతా. తేదీ అడిగినప్పుడు నువ్వు చెప్పు.”

“మరి తిరిగి వచ్చేటప్పుడు?”

నల్లమ్మ గొర్రెలను అదిలించింది. నాలుగడుగులు పోయినాక వెనక్కి చూడకుండానే అనింది:

“వచ్చేటప్పుడు ఆ చేపను మాట్లాడనీ.”