ఇంటు మార్కు గిటారు

జులై ఇరవై ఆరు, శనివారం. పొద్దుగాల నుంచి ముసురు. వాన జోరందుకుంటలేదు, ఆగుతలేదు. రాసినవా సార్? వానెందుకంటవా? రాయి, ఏం పోయింది? ముసురు పడితే కట్టె ఉబ్బుతది, కట్టె ఉబ్బితే గిటారు మెడ వంకర పోతది. నా కేసుల వానే పెద్ద సాక్షి.

పేరు యోనా. వయసు డెబ్బై మూడు. బొగ్గుబాయిల మైనింగ్ సర్దార్‌గ చేసి రిటైరైన. కరీంనగర్ల బీఏ చదివిన, అది సుత రాయి. డిగ్రీ చదివి బాయి దిగినోన్ని నేనొక్కన్నే కాదు గని, దిగినంక కూడ బీఏ అని చెప్పుకున్నోన్ని మాత్రం నేనొక్కన్నే.

ఆగు. నువ్వు సదయ్య కొడుకు కిషన్‌వు గదా! ఆ ముక్కు చూసి గుర్తుపట్టిన. మీ నాయనది నాది ఒకటే షిఫ్టు బిడ్డా... సరే సరే, కోపానికి రాకు. సారనే అంట.

దొంగతనం అంటున్నడా గిటార్ల దుకాణం వేణుమాధవ్? ఠాణా బయట బెంచీ మీద కూసొని గిట్ల పటపట పండ్లు కొరుకుతున్నడు గదా, ఆయననే అడుగు, దుకాణంలకెల్లి ఒక్క తీగన్న పోయిందా? నా జేబులు నువ్వే చూసినవు. ఏం దొరికింది? సగం పల్లిపట్టి, చాక్‌పీసు, ఈ వంకర ఇనుప పుల్ల. దీన్ని ఎలెన్ కీ అంటరు. గిటారు మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటది సార్. దీనితోటి బిగిస్తే మెడ తిన్నగ సాఫ్ అయితది, తీగలు కిందికి దిగుతయి. వదులు చేస్తే మెడ వంగుతది, తీగలు పైకి లేస్తయి. గంతే విద్య. గది తెలవక దేశంల ఎంతమంది వేళ్లు కోసుకుంటున్నరో!

అసలు తప్పు ఎవలది? పెట్టెలకెల్లి తీసుడు, గోడ మొలకు తగిలించుడు, అయిపోయింది దుకాణం! మోటర్ సైకిల్ అమ్మేటోడు బ్రేకు చూడకుండ ఇస్తడా? చెప్పుల దుకాణపోడు సుత కాలు పెట్టి చూడమంటడు. మెడ నడుమ కాడ, తీగకు కట్టెకు మధ్యన అగ్గిపుల్ల పట్టేంత సందుండాలె. వేణుమాధవ్ గిటార్లల్ల అగ్గిపెట్టె పడ్తది! ఎండకాలం అద్దాలకు ఆనిచ్చి ఎండపెడ్తడు, వానకాలం నానపెడ్తడు. బొగ్గు దుమ్ము పట్టి తీగ మీద వేలు పెడితే పొయ్యి గిన్నె తోమినట్టు నల్లగైతది.

నేను చెప్పలేదా? చెప్పిన. మా చర్చిల ముప్పై ఏండ్లు గిటారు కొట్టినోన్ని, చెప్తే వినాలె గదా. ఏమన్నడో తెలుసా? "తాతా, గిటారు గట్లనే ఉంటది. చేతులే అలవాటు కావాలె." ఇగ నాకు మండింది.

అందుకే, ఆయన చాయకు పోయినప్పుడల్లా ఒక్కొక్క గిటారు సాఫ్ చేసుకుంట వచ్చిన. ఎనిమిది నెలలల్ల పదకొండు! ఫుకట్ పని సార్, శాలువ కప్పాలె నాకు. శాలువకు బదులు కాలర్ పట్టుకున్నడు.

ఎట్ల దొరికినవంటవా? అలవాటు సార్, పాడు అలవాటు. బాయిల షిఫ్టోళ్ల కంటె ముందు సర్దార్ పోవాలె. కట్టెతోటి పైకప్పు కొట్టి, సప్పుడు వినాలె. మంచిగుంటే చాక్‌పీసుతోటి తారీఖు వేసి పొట్టి సంతకం పెట్టాలె. సంతకం లేకుంటే చూసినట్టే కాదు. నా చెయ్యి ఊకుంటదా? సాఫ్ చేసిన ప్రతి గిటారు వెనక తారీఖు వేసి, 'యో' అని రాసిన. నవ్వుతున్నవా? నవ్వు. మీ నాయన ఉంటే నవ్వకపోతుండె. నా సంతకం చూసినంకనే కప్పు కింద కాలు పెట్టేటోడు.

ఆ రాతలు వేణుమాధవ్ కంట్లె పడ్డయి. ఇయ్యాల చాయకు పోయినట్టు పోయి, తలుపు వెనక నిలబడ్డడు.

ఇంటు మార్కా? ఏం ఇంటు మార్కు?

ఓహో, అది సుత చెప్పిండా.

సరే. పన్నెండోది ఒకటున్నది. మూలకు, తేనె రంగుది. పోయిన క్రిస్మస్ ముందు చూసిన. వేలి గణుపుతోటి వెనక కొట్టి, చెవి ఆనిచ్చిన. ఏం గొంతు సార్! నా పాత గిటారు మెడ విరిగి రెండేండ్లాయె. ఈ వేళ్లు చూడు, పొద్దుగాల గుండీ పెట్టుకునేసరికి అరగంటైతది. ఇంకొక్క ఏడాదో రెండేండ్లో కొడ్తయి, తర్వాత ఇవి చేతులు కావు, కట్టెలు. ఆ గిటారే కావాలనిపించింది. కాని బాయి పింఛన్‌ల గిటారు వస్తదా? దసరాకు కార్మికులకు లాభాల వాటా పడ్తది గదా, అప్పుడు దుకాణాలోళ్లు అమ్ముడుపోని మాల్ సగం ధరకు తీసేస్తరు. అప్పటిదాక మూల పెట్టాలె దాన్ని. ఎవ్వలు కొనొద్దు.

అందుకని... రాస్తున్నవా? జర మెల్లగ రాయి.

అందుకని దాని కడ్డీ వదులు చేసిన. వారానికి ఇంత. తీగలు గింత ఎత్తు లేచినయి, ఎలుక దూరిపోవచ్చు. వెనక చాక్‌పీసుతోటి ఇంటు మార్కు పెట్టిన. కప్పు ఖరాబుంటే మేము పెట్టే మార్కది. దాన్ని చూసినంక బాయి మనిషి కిందికి పోతడా? చచ్చినా పోడు! బాయి ఇంటోళ్లు గిటారు తిప్పి చూసుడు, మార్కు చూసుడు, మెల్లగ మొలకు తగిలించుడు. ఎందుకో వాళ్లకే తెల్వదు. నేను పక్కన నిలబడి లోపల నవ్వుకునుడు. ఒక పిలగాడు మాత్రం మార్కు చూడక వాయించి, వేలు నోట్లె పెట్టుకొని పోయిండు. మళ్ల రాలే. ఆ రోజు నవ్వు రాలేదు సార్.

ఇయ్యాల సంతోషి అని ఒక పిల్ల వచ్చింది. ఇంటర్ చదువుతదంట. నాయన ఓపెన్‌కాస్టుల డంపర్ నడుపుతడు. గాడ తప్పు చేసిన! ఓపెన్‌కాస్టుల కప్పు ఏడిది? ఆకాశమే కప్పు. ఆ ఇంటి పిల్లకు ఇంటు మార్కు ఏం సమజైతది? చున్నీ కొంగుతోటి తుడిచేసింది.

కూసొని వాయిస్తున్నది. తీగ ఒత్తుతది, రాదు. మళ్ల ఒత్తుతది. వేలి మీద నెత్తురు గీత. వదలదే! నా దిక్కు చూసి అడిగింది, "తాతా, తప్పు దీనిదా నాదా?" నేను నోరు తెరిచేలోపే తనే అన్నది, "నాదే అయి ఉంటది తియ్యి."

ఏం చెయ్యాలె చెప్పు? బాయిల ముప్పై నాలుగేండ్లు, నా తప్పుకు ఇంకొకనికి దెబ్బ తగలలే.

"గట్టిగ పట్టుకో బిడ్డా" అన్న. కీ పెట్టి బిగించిన. మెడ సాఫైంది, తీగలు దిగినయి. శ్రుతి చూసి ఇచ్చిన. అప్పుడే తలుపు వెనకకెల్లి వేణుమాధవ్ ఉరికొచ్చిండు.

కాయితం మీద కింద గిట్ల రాయి సార్. తేనె రంగు గిటారు సంతోషికి పోయింది. వాళ్ల నాయన కొన్నడు, షేర్ ఆటోల ఒళ్లె పెట్టుకొని కూసున్నది, నా కండ్లతోటి చూసిన. ఎలెన్ కీ వేణుమాధవ్ తనకే కావాలంటున్నడు. ఉంచుకోమను. ఏ దిక్కు తిప్పాలెనో అడిగితే చెప్త, అడగడు. పదకొండు మంచి గిటార్లు ఆయన దుకాణానికే, దసరాకు పూర్తి ధరకే అమ్ముకుంటడు.

యోనాకు ఏం రాలే. ఎనిమిది నెలలు దాన్ని నేనే ఖరాబు చేసి పెట్టినోన్ని, అది మంచిగుంటే ఎట్ల మోగుతదో ఒక్కనాడన్న విన్ననా? ఇయ్యాల ఆ పిల్ల ఒక్కసారి మీటింది. సగం సప్పుడు చెవుల పడ్డది సార్. మిగతా సగం, ఈయన కాలర్ పట్టి గుంజేటప్పుడు నా అంగీ చిరిగిన సప్పుడుల కలిసిపోయింది.