తొమ్మిదో ఇంటి టేపు

గురువారం పొద్దున ఏడూ ఇరవైకి నేను వ్యానులో కూర్చుని రై రొట్టె మీద వెన్న రాసుకుంటున్నా, ప్రెబెన్. తలెత్తితే మీ కాలనీ జెండా సగానికి దిగి ఉంది. ఎవరో పోయారనుకున్నా. వెన్న రాయడం మాత్రం ఆపలేదు.

అలా చూడకు. దవడకి తీగలు కట్టారు, మాట్లాడలేవని తెలుసు. కళ్ళతో బాగానే తిడుతున్నావులే. నర్సు పది నిమిషాలే ఇచ్చింది, తలుపు తీసే ఉంచమంది. మళ్ళీ కొడతానని కాబోలు.

అసలు ఆ మాట అనొచ్చా నువ్వు? కాలనీ బాగోగులు చూసేవాడివి, జెండా దించినవాడివి. జనమంతా నిలబడి ఉన్నారు. నన్ను చూసి ఏమన్నావు? "రండి, డాక్టర్ ఆస్గేర్ గారూ! గూద్రున్ ఇల్లు మీ పరీక్షలో పాసైంది. ఎంత బిగుతంటే, పొయ్యి పొగ బయటికి పోలేదు, ముసలమ్మ ప్రాణం పోవడానికీ తెల్లారేదాకా సందు దొరకలేదు!"

ఒకరిద్దరు నవ్వారు కూడా.

కొలతల కోసం తలుపులో ఫ్యాను బిగించే అల్యూమినియం కమ్మీ నా చేతిలో ఉంది. మొదటి దెబ్బ భుజం మీద. రెండోది దవడ మీద. ఆ చప్పుడు నా మణికట్టుకి తెలిసింది, చెవికంటే ముందు. నీ పన్ను కంకరలో పడింది. దాన్ని చూశాను, చూసి మళ్ళీ కొట్టాను. నువ్వు పడ్డాక ఎన్ని కొట్టానో పోలీసులు చెప్పారు. నాలుగట.

ఇరవై ఆరేళ్ళు, ప్రెబెన్! ఇళ్ళ సందుల్లోంచి పారిపోయే వెచ్చదనాన్ని కొలుస్తూనే నా జుట్టు ఊడింది. నా కొలతని దేశమంతటికీ నిబంధన చేస్తామని మంత్రిత్వశాఖవాళ్ళు అన్నారు. మీ వరసలో ఇళ్ళన్నీ పాసైతే చాలు.

పని నీకు కొత్తా? ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాం. కావాలని పెట్టిన గాలి రంధ్రాలన్నీ నేను టేపుతో మూస్తాను. తలుపులో ఫ్యాను పెట్టి ఇంట్లో గాలి లాగేస్తాం. పగుళ్ళలోంచి ఎంత గాలి చొరబడుతుందో కొలుస్తాం. వేసేది నేను, పీకేది నువ్వు. ఒక్కసారైనా మరిచావా?

మంగళవారం గూద్రున్ ఎలా తిట్టింది! ఎనభై ఒక్కేళ్ళ మనిషి, ఒంటి మీద రెండు స్వెట్టర్లు. "నా ఇంటిని ఐసుపెట్టె చేశారు కదరా, సన్నాసుల్లారా! కానిచ్చి పొండి, హాల్లో చలి కాచుకునే పొయ్యి రాజేసుకోవాలి." నువ్వు నవ్వుతూ టేపులు పీకేశావు. అన్నీ పీకావు. నేను చూశాను. ఫ్యాను ఎత్తుకుని పదో ఇంటికి వెళ్ళావు.

ఇక్కడినుంచి నీకు తెలీదు. విను.

గూద్రున్ ఉన్న తొమ్మిదో ఇంటి కొలత రవ్వంతలో తప్పింది. ఆ ఒక్క ఇల్లే! మధ్యాహ్నం ఇంకోసారి కొలుద్దామని నువ్వెళ్ళాక రంధ్రాలన్నీ మళ్ళీ మూయడం మొదలెట్టాను. పొయ్యి వెనకదానితో మొదలెట్టాను. అది మూశానో లేదో, ఫోను. కోపెన్‌హాగెన్ నుంచి. మంత్రిగారు సాయంత్రమే రమ్మన్నారట! గూద్రున్ వంటింట్లో ఉంది. పొయ్యి వెలిగించకమ్మా అని ఒక్క మాట చెప్తే చాలు. అరిస్తే వినిపించేంత దూరం. వ్యానెక్కేశాను.

దారిలో గుర్తు రాలేదు.

అబద్ధం. వంతెన దాటేటప్పుడు గుర్తొచ్చింది. ఫోను పక్క సీట్లోనే ఉంది. ప్రెబెన్ చూసుకుంటాడులే అనుకున్నా. ఏం చూసుకుంటావు? నువ్వు పీకేసిన టేపు మళ్ళీ ఉంటుందని నీకు కలొస్తుందా?

పొయ్యికి గాలి అందలేదు. విషపు పొగ గదిలోకే తిరిగింది. గురువారం నువ్వు నోరు తెరవగానే నాకు అర్థమైపోయింది. నిన్ను కొట్టింది వెటకారానికి అనుకుంటున్నారు అందరూ. నువ్వూ అలాగే అనుకుంటున్నావు కదూ? కాదు. నువ్వన్నది నిజమని ఆ గుంపులో నాకొక్కడికే తెలుసు.

నీళ్ళు కావాలా? నర్సుని పిలవనా? సరే, ఉండు, అయిపోయింది.

నిన్న పోలీసాయన నన్ను పిలిపించి ఒక కాగితం చూపించాడు. ఆ ఇంట్లో టేపు దొరికిందని చెప్పాక శనివారం నువ్వు రాసిచ్చిందట, ఎడమ చేత్తో. "పొయ్యి వెనక టేపు పీకడం నేనే మరిచి ఉంటాను. ఆస్గేర్ కొట్టినందుకు నాకు ఫిర్యాదు లేదు." జరిగింది ఇదేనా అని అడిగాడు.

ఇదేనన్నాను.